టోపీ మీద దీపం

పూర్వం మాల్యగిరి రాజ్యంలో ఇళ్లు తగలబడితే మంటలార్పడానికి ఒక దళం ఉండేది. పొగలో దారి కనపడక ఆ దళంలో ఏటా ఇద్దరు ముగ్గురు చచ్చిపోయేవాళ్లు. కంచరి పైడమ్మ వాళ్ల ఇత్తడి టోపీకి ముందువైపు, అభ్రకం రేకు బిగించిన చిన్న దీపం అమర్చింది. ఆ ఏడాది ఒక్కరూ చావలేదు.

కొత్త వస్తువు కనిపెట్టినవాళ్లకే దాన్ని తయారుచేసే హక్కు రాసిస్తూ రాజు రాగిరేకు ఇచ్చేవాడు. పైడమ్మ అది అడిగితే ఆయుధశాల అధికారి విరూపాక్షుడు అడ్డుపడ్డాడు. అభ్రకం దండగని, దాని బదులు దీపానికి నూనెగుడ్డ చుట్టి తానే చేయించాలని అతని ఆలోచన. మంటల్లో ఆ గుడ్డ అంటుకుంటుందని పైడమ్మ భయం.

“మహాప్రభూ, టోపీ పాతదే, దీపం పాతదే. రెండూ కలపాలని ఎవరికైనా ఇట్టే తోస్తుంది. ఇందులో ఈమె గొప్పేముంది?” అన్నాడు విరూపాక్షుడు.

పైడమ్మ అతని వైపు తిరిగింది. “అయ్యా, తమరు ఈ పదవిలోకి వచ్చి ఎన్నేళ్లయింది?”

“పన్నెండేళ్లు.”

“ఈ పన్నెండేళ్లలో ముప్పైమంది పోయారు. ఇది తమకు తోచలేదా, తోచినా చేయించలేదా?”

తోచలేదంటే వాదన వీగిపోతుంది. తోచిందంటే ముప్పైమంది ఉసురు మెడకు చుట్టుకుంటుంది.

రాజు రాగిరేకు పైడమ్మ చేతికిచ్చి, “నీకెప్పుడు తోచిందమ్మా?” అని అడిగాడు.

“మా ఆయన శవం గుమ్మానికి రెండడుగుల దూరంలో దొరికిన రోజు, ప్రభూ. గోడ పొడుగునా ఆయన తడుముకున్న చేతి గుర్తులున్నాయి. అన్నేళ్లూ ఆయన టోపీ రోజూ తోమింది నేనే. నాకూ తోచలేదు,” అంది పైడమ్మ.