మొండి రాయి కరిగిన రోజు

గౌరునాయుడు చేసిన రెండు బిళ్ళలు రెండు మాటలు చెప్పాయి.

విశాఖలో అదొక ఖనిజ పరీక్షశాల. రాయిని పొడి చేసి, త్వరగా కరగడానికి బోరేట్ కలిపి, ప్లాటినం మూసలో కరిగించి గాజుబిళ్ళగా పోస్తారు. ఆ బిళ్ళను ఎక్స్‌రే మెషిన్‌లో పెడితే, రాయిలో ఏ లోహం ఎంతుందో తెలుస్తుంది. ఈసారి వచ్చింది క్రోమైట్. ఓ పట్టాన కరగని మొండి రాయి.

పైగా అది ల్యాబుల పనితనం తేల్చడానికి చాలా ల్యాబులకు ఒకేసారి పంపిన పొడి. అందులో క్రోమియం ఎంతో పంపినవాళ్ళకు ముందే తెలుసు. సరిగ్గా చెప్పకపోతే ల్యాబ్ గుర్తింపు పోతుంది. "నాకు వదిలెయ్యండి మేడమ్" అని పట్టుబట్టి తీసుకున్నాడు గౌరునాయుడు. ఇప్పుడు పొట్లంలో ఒక్క బిళ్ళకు సరిపడా పొడే మిగిలింది.

"ఒకే పొడికి రెండు అంకెలు చూపిస్తోంది. మెషిన్ పాడైంది మేడమ్. ఇంజనీరును పిలిపించాలి" అన్నాడు.

జుబేదా మేడమ్ ఆ ల్యాబ్‌కు పెద్ద. అక్కడ అందరికీ పని నేర్పింది ఆవిడే. మెషిన్ దగ్గరికి వెళ్ళలేదు. పొట్లం విప్పి, రవ్వంత పొడి అతని వేళ్ళ మధ్య పెట్టింది.

"కళ్ళు మూసుకుని రుద్దు."

రుద్దాడు. ముఖం మాడిపోయింది.

"గరుగ్గా ఉంది మేడమ్."

ఆవిడ బీరువాలోంచి రాతి కల్వం తెచ్చి అతని ముందు పెట్టింది.

"మిల్లు ఉందిగా మేడమ్?"

"ఇంత కాస్త పొడి మిల్లులో వేస్తే సగం దానికే అంటుకుపోతుంది. నూరు."

ఎమ్మెస్సీ ఫస్టున పాసైనవాడు పచ్చడి నూరినట్టు నూరుతుంటే పక్కవాళ్ళు ముసిముసిగా నవ్వారు. చెవులు వేడెక్కాయి. అయినా నూరాడు. కాసేపటికి చెయ్యి లాగింది.

"చాలా మేడమ్?"

"నన్నడుగుతావేం? నీ వేళ్ళనడుగు."

మళ్ళీ తల వంచాడు. గరగర తగ్గింది. నవ్వినవాళ్ళ సంగతే మర్చిపోయాడు. చివరికి వేళ్ళ మధ్య విబూదిలా జారింది పొడి.

కొలిమిలో మూస ఎర్రబడింది. కరిగినదాన్ని తిప్పి తిప్పి అచ్చులో పోసి, చల్లారేదాకా పక్కనే నిలబడ్డాడు. ఆకుపచ్చ బిళ్ళను కిటికీ వెలుగుకు ఎత్తి చూశాడు. ఒక్క మచ్చ లేదు. పాత బిళ్ళలు రెండూ తీసి చూశాడు. రెండింటిలోనూ కరగని నల్లటి నలుసులు. ఇన్నాళ్ళూ వాటిని వెలుగులో పెట్టి చూడనేలేదు.

మెషిన్ చెప్పిన అంకెను మేడమ్ ముందు పెట్టాడు. ఆవిడ దానివైపు చూడకుండానే సంతకం చేసి పంపించేసింది.

జవాబు వచ్చిన రోజు ల్యాబంతా చప్పట్లతో మోగిపోయింది. పాల్గొన్న ల్యాబులన్నిటిలోకీ వీళ్ళ అంకే అసలు విలువకు అతి దగ్గర. నవ్వినవాళ్ళే గౌరునాయుణ్ణి భుజాలమీద ఎత్తుకున్నారు. అతను కిందికి దూకి, పరుగున మేడమ్ గదిలోకి వెళ్ళాడు.

"మనమే ఫస్టు మేడమ్! ఆ రోజు అంకె చూడకుండానే ఎలా సంతకం పెట్టారు?"

జుబేదా మేడమ్ కళ్ళద్దాలు తీసి నవ్వింది.

"నీ వేళ్ళనడుగు అన్నాక, పొడి నలిగేదాకా నువ్వు మళ్ళీ తలెత్తలేదు నాయుడూ."