వెలగని ఎర్రదీపం

బెహరా మాష్టారు పాలిటెక్నిక్‌లో పదవీ విరమణ చేశాక పార్వతీపురంలో తన ఇంటి ముందుగదిలోనే పిల్లలకు చిన్న చిన్న యంత్రాలను నడిపే మైక్రోకంట్రోలర్ బోర్డుల పని నేర్పేవారు. ఆయనకొక అలవాటు ఉండేది. కొత్త బోర్డు ఎవరి చేతికొచ్చినా ముందు దాన్ని పొడి చెక్కబల్ల మీద పెట్టించి, కరెంటు ఏ దారిన లోపలికి వస్తుందో వేలితో చూపించమనేవారు. చూపించాకే కంప్యూటరు వైరు తగిలించనిచ్చేవారు. రాసిన ప్రోగ్రాం బోర్డులోకి ఎక్కి, దాని మీది చిన్న దీపం ఆరుతూ వెలుగుతూ కనబడగానే పిల్లల ముఖాలు విప్పారేవి. మాష్టారు అప్పుడు కూడా మెచ్చుకునేవారు కాదు. "వైరు పీకెయ్. ఇప్పుడు చూద్దాం" అనేవారు.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో హైమ చురుకైన పిల్ల. తను ఉండే హాస్టల్ వంటగదికి ఒక యంత్రం తయారు చేసి పెట్టింది. గ్యాసు లీకైతే అది గట్టిగా కూత పెట్టాలి. పెట్టిన తర్వాత అందరూ దాన్ని మరిచిపోయారు. కొన్నాళ్ళకు హైమ ఏదో అనుమానం వచ్చి మూత తీసి చూస్తే, బోర్డు పెట్టిన నాటి నుంచీ చచ్చి పడి ఉంది. గబగబా సరిచేసి మాష్టారి దగ్గరకు వచ్చింది. ఆయన దగ్గరే నేర్చుకుంటున్న నేనూ అప్పుడక్కడే ఉన్నాను.

"ఇప్పుడు బాగా పని చేస్తోంది మాష్టారూ. వంటావిడ మహలక్ష్మమ్మగారు ఆ యంత్రం ఉందన్న ధీమాతో ఇన్నాళ్ళూ కిటికీ మూసి వండిందట. అయినా దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు" అంది. కాసేపాగి, "సరిచేసేశాను కదా. ఇన్నాళ్ళూ పని చేయలేదని ఇప్పుడామెకు చెప్పి ఏం లాభం?" అని అడిగింది.

మాష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఈ సంగతి చెప్పారు.

ఆయన శిష్యుల్లో శశిభూషణ్ అని ఒకడుండేవాడు. చదువు ముగించి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరరయ్యాడు. ఆ కాలేజీకి కొంత దూరంలో ఒక గెడ్డ, అంటే కొండవాగు, ఉంది. దాని మీద వంతెన లేదు, నీళ్ళు పైనుంచి పొర్లిపోయే కాజ్‌వే ఒక్కటే ఉంది. కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే గెడ్డ పొంగేది. అందుకని పంచాయతీవాళ్ళు అసిరయ్య అనే మనిషిని అక్కడ కాపలా ఉంచారు. నీళ్ళు పెరిగితే ఎర్రగుడ్డ పట్టుకుని దారికి అడ్డంగా నిలబడడం అతని పని. ఎంత పెద్దవాడొచ్చినా, ఎంత తొందరని చెప్పినా కదిలేవాడు కాదు. అతన్ని తిట్టుకోనివాళ్ళు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో లేరు. అతను ఉన్నన్నాళ్ళూ గెడ్డలో కొట్టుకుపోయినవాళ్ళు కూడా లేరు.

శశిభూషణ్ ఆ గెడ్డకు ఒక ఎర్రదీపం చేశాడు. నీటిమట్టం గీత దాటితే బోర్డుకు తెలుస్తుంది, బోర్డు దీపాన్ని వెలిగిస్తుంది. స్తంభానికి ఇనుప పెట్టె, పెట్టెలో బోర్డు, దాని పక్కన బ్యాటరీ, స్తంభం మీద ఎండతో ఆ బ్యాటరీని నింపే సోలార్ పలక. అంతా పద్ధతిగా ఉంది. ప్రారంభోత్సవం నాడు పెద్దలొచ్చారు. శశిభూషణ్ తన ల్యాప్‌టాప్‌ను బోర్డుకు తగిలించి, లోపల ఏం జరుగుతోందో తెర మీద చూపించాడు. బిందెతో నీళ్ళు పోయించాడు. దీపం ఎర్రగా వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడతను అసిరయ్య చేతిలోని ఎర్రగుడ్డ తీసుకుని మడతపెట్టి, "ఇకనుంచి నీ కళ్ళకంటే ఇదే నయం అసిరయ్యా. దీపం వెలిగితే ఆగు, వెలగకపోతే దాటు" అన్నాడు. జనం నవ్వారు. అసిరయ్యా నవ్వాడు. అతనికి అక్కడ పని లేదన్న మాట అలా తెలిసింది.

సభ ముగిశాక శశిభూషణ్ ల్యాప్‌టాప్ వైరు పీకి, పెట్టెకు తాళం వేసి వెళ్ళిపోయాడు.

ఆ బోర్డుకు కరెంటు రావడానికి రెండు దారులున్నాయి. ఒకటి కంప్యూటరు వైరు, రెండోది బయటి బ్యాటరీ. ఏ దారిన తీసుకోవాలో చెప్పడానికి బోర్డు మీద మూడు సూదుల్లాంటి పిన్నులు, వాటి మీద గోరంత నల్లటి టోపీ ఉంటాయి. దాన్ని జంపర్ అంటారు. టోపీని ఇటు రెండింటి మీద పెడితే కంప్యూటరు, అటు రెండింటి మీద పెడితే బ్యాటరీ. శశిభూషణ్ గదిలో కూర్చుని పని చేసినన్నాళ్ళూ అది కంప్యూటరు వైపే ఉంది. గెడ్డ దగ్గరా అలాగే ఉండిపోయింది. బ్యాటరీ వైర్లు బిగించే ఉన్నాయి, బ్యాటరీ నిండే ఉంది, కానీ బోర్డు దాని వంక చూడను కూడా చూడలేదు. ల్యాప్‌టాప్ వైరు తీసిన క్షణాన అది ఆగిపోయింది. ఎవరికీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది? ప్రమాదం లేకపోతే దీపం వెలగదు. బోర్డు చచ్చిపోయినా దీపం వెలగదు. దారిన పోయేవాళ్ళకు రెండూ ఒక్కలాగే కనబడతాయి.

ఆ ఏడు వానలు ఆలస్యంగా మొదలయ్యాయి. ఒక సంతరోజు సాయంత్రం అసిరయ్య, అతని భార్య గౌరమ్మ మోపెడ్ మీద ఊరికి తిరిగొస్తున్నారు. కాజ్‌వే మీద ఎర్రటి నీళ్ళు పారుతున్నాయి. అసిరయ్య బండి ఆపాడు. నీళ్ళ రంగు అతనికి నచ్చలేదు. గౌరమ్మ కూడా, "ఆగుదుమా మావా?" అంది. అసిరయ్య స్తంభం వైపు చూశాడు. దీపం వెలగడం లేదు. ఒకప్పుడైతే అతను తన కళ్ళను నమ్మేవాడు. కానీ పదిమందిలో పెద్దవాళ్ళు చెప్పిన మాట ఉంది కదా. "దీపం ఎలగనేదు, పద" అన్నాడు. సగం దాటేసరికి ప్రవాహం బండిని పక్కకు తోసేసింది. అసిరయ్య చేతికి అంచున ఉన్న రాతిదిమ్మ దొరికింది. గౌరమ్మకు ఏదీ దొరకలేదు.

తెల్లవారి ఆమె దిగువన తుప్పల్లో కనబడింది. ఊరంతా అక్కడికి పరుగెత్తింది. కబురు విని శశిభూషణ్ మాత్రం అధికారులకంటే ముందుగా గెడ్డ దగ్గరకు వచ్చాడు. తాళం తీసి చూశాడు. బోర్డు మీద కరెంటు ఉంటే వెలగవలసిన చిన్న పచ్చదీపం వెలగడం లేదు. టోపీ ఎటు ఉందో చూశాడు, కంప్యూటరు వైపే ఉంది. అతను దుర్మార్గుడు కాదు. ఆ సమయంలో ఏమీ ఆలోచించలేదని తర్వాత చెప్పాడు. గోటితో ఆ టోపీని లాగి ఇటునుంచి అటు పెట్టాడు. గెడ్డ ఇంకా పొంగే ఉంది. పైన ఎర్రదీపం వెలిగింది. అతను పెట్టె మూసి తాళం వేశాడు.

అధికారులు వచ్చేసరికి దీపం ధగధగలాడుతోంది. "పని చేస్తూనే ఉందే?" అన్నారొకరు.

"అవునండీ" అన్నాడు శశిభూషణ్.

అతను ఆడిన అబద్ధం అంతే. మిగతా అబద్ధాలన్నీ లోకమే ఆడింది. అసిరయ్యను పిలిచి అడిగితే, "నిన్న ఎలగనేదు బాబూ, నాను సూసినాను" అని మళ్ళీ మళ్ళీ అదే మాట చెప్పాడు. వెనుక ఎర్రదీపం వెలుగుతుండగా ఆ మాట చెప్పినవాణ్ణి ఎవరు నమ్ముతారు? సంతలో తాగి ఉంటాడన్నారు. కాపలా పని పోయిందన్న కసితో దీపం మీద నింద వేస్తున్నాడన్నారు. అన్నాళ్ళూ తమను దాటనివ్వక నిలబెట్టినవాడే తాను ఆగకుండా పోయి పెళ్ళాన్ని నీళ్ళపాలు చేశాడని చెప్పుకున్నారు. హెచ్చరికను లక్ష్యపెట్టకపోవడం వల్లే చావు జరిగిందని అధికారులు తేల్చారు. గౌరమ్మ అన్నదమ్ములు అతన్ని కర్మల దగ్గరికి రానివ్వలేదు. ఉన్న ఒక్క కూతురు సుందరమ్మ తండ్రితో మాటలు మానేసింది.

శశిభూషణ్ పైకొచ్చాడు. ఇంకా ఎన్నో గెడ్డల మీద దీపాలు పెట్టాడు. ప్రతిచోటా టోపీని తానే స్వయంగా చూసుకునేవాడు. ఒక్కటీ ఆగలేదు. ఎన్నో ప్రాణాలు దక్కి ఉంటాయి కూడా. చాలా ఏళ్ళకు ఒకరోజు బెహరా మాష్టారి ఇంటికి వచ్చి, ఈ సంగతంతా చెప్పి ఏడ్చాడు. "అప్పట్నుంచి నేను పెట్టిన ఏ దీపమూ ఆగలేదు మాష్టారూ" అన్నాడు. ఆ మాట మాష్టారు క్షమించాలని చెప్పాడో, మెచ్చుకోవాలని చెప్పాడో తెలియదు. మాష్టారు రెండూ చేయలేదు. "ఇది నాతో చెప్పే మాట కాదు. పద" అని చొక్కా వేసుకుని బయల్దేరారు.

అసిరయ్య అప్పటికి కూతురి ఇంటి పక్క పాకలో ఉంటున్నాడు. ముసలివాడైపోయాడు. ఇద్దరూ వెళ్ళేసరికి నారతో తాడు పేనుతున్నాడు. వచ్చినవాళ్ళెవరో చెబితే లేవబోయాడు. శశిభూషణ్ అతన్ని కూర్చోబెట్టి తానూ నేల మీద కూర్చున్నాడు. "మీరు అబద్ధం చెప్పలేదు" అని మొదలుపెట్టాడు. అతనితో ఎప్పుడూ నువ్వు అనే మాట్లాడినవాడు, ఆ రోజు మీరన్నాడు. బోర్డు, టోపీ, మర్నాడు తను చేసిన పని, ఏదీ దాచలేదు. "ఆ రోజు దీపం వెలగలేదు. మీరు చెప్పిందే నిజం. నేను నోరు మూసుకున్నాను" అన్నాడు.

సుందరమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఆమె ముఖంలో రంగు లేదు. "తనని దగ్గరకి రానిమ్మని ఈయన మూడు వానాకాలాలు నా గుమ్మంలో కూకున్నాడు బాబూ" అంది శశిభూషణ్‌తో. "'తప్పు నాదే, దీపం ఎలిగినా దాటినాను' అని ఒప్పుకున్నాకే కూడు పెట్టినాను." తర్వాత తండ్రి దగ్గరకు వచ్చి వంగి, "నాన్నా" అంది. అతను తల ఎత్తలేదు. ఆ పిలుపు తనకనుకోలేదో ఏమో. ఆమె భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ పిలిచింది. "నాన్నా, నువ్వు మొదట సెప్పిందే నిజమట. దీపం ఎలగనేదట."

అసిరయ్య కూతురి వంక, శశిభూషణ్ వంక మార్చి మార్చి చూశాడు. ఎవరో తనను మళ్ళీ విచారణకు పిలిచినట్టు చేతులు కట్టుకున్నాడు.

"నేదమ్మా" అన్నాడు. "ఎలిగింది. ఎర్రగా ఎలిగింది. నాను సూసే దాటినాను. మీ యమ్మ ఒద్దంది కూడాను."

శశిభూషణ్ మళ్ళీ చెప్పబోయాడు. ముసలివాడు అతని చేతులు పట్టుకుని, "మీ దీపం మంచిదే బాబూ. మీకేటీ దోషం నేదు" అని ఓదార్చాడు. సుందరమ్మ ఇంకెంతో నచ్చజెప్పింది. ఊళ్ళో వాళ్ళను కూడా పిలిపించి వాళ్ళ ముందు శశిభూషణ్ చేత మళ్ళీ చెప్పించింది. ఊరు నమ్మింది. అసిరయ్య నమ్మలేదు. ఎంత చెప్పినా దీపం ఎలా వెలిగిందో, నీళ్ళ మీద దాని నీడ ఎంత ఎర్రగా పడిందో చెబుతూనే ఉన్నాడు. కొన్ని నెలలకు ఆ మాట మీదే పోయాడు.

మాష్టారు చెప్పడం ఆపి కళ్ళజోడు పెట్టుకున్నారు. హైమ తల వంచుకుని గోళ్ళు చూసుకుంటోంది. చివరికి మెల్లగా అడిగింది. "ఆ శశిభూషణ్‌గారు ఇప్పుడెలా ఉన్నారు మాష్టారూ?"

"బాగానే ఉన్నాడమ్మా" అన్నారు మాష్టారు. "చెప్పేశాక తన మనసు మాత్రం తేలికపడిందన్నాడు."