చరణం దగ్గర ఆగే పాట

ఎవరేం అడిగినా చయనులు మాష్టారు వెంటనే జవాబు చెప్పరు. శ్రుతిపెట్టె మీట నొక్కి, ఆ హోరు కాసేపు విని, అప్పుడు నోరు తెరుస్తారు. కరోనా రోజుల్లో ఆయన సంగీతం క్లాసు ఫోన్లోకి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. తెర మీద చిన్న చిన్న గడుల్లో మేమంతా కిటికీల్లో పిట్టల్లా కూర్చుని కాచుకునేవాళ్లం. బయట వీధి మూగబోయి ఉండేది. లోపల మాత్రం ఎవరికీ మనసు ఒకచోట నిలిచేది కాదు.

ఒకరోజు ప్రశ్న వేసింది ఫణీంద్ర. వాడికి సొంత గది, సొంత ఫోను. పొద్దుటినుంచీ ఆటలు, సినిమాలు, వాటి మధ్య కాస్త సాధన. వాళ్ల వదిన మృదుల కూడా మా క్లాసే. భర్త ఫోను వదిలినప్పుడు దాన్ని పోపులపెట్టెకి ఆనించి, వంటింట్లోంచే పాడేది. ఎంత హాయైన గొంతో! కానీ చరణం ఎత్తుకోగానే ప్రతిసారీ ఆగిపోయేది. ఆ రోజు ఇంకా లైన్లోకి రాలేదు.

"మాష్టారూ, ఇల్లొకటే, నెట్టొకటే, లాక్‌డౌనూ అందరికీ ఒకటే కదండీ. నేను కీర్తన పట్టేశాను. వదిన ఇంకా చరణం దాటలేదు. ఎందుకంటారు? శ్రద్ధ లేకే కదా? పైగా ఆ కుక్కరు కూతలు మనందరికీ! మనం పెట్టబోయే ఆన్‌లైన్ కచేరీలోంచి ఆవిడ పేరు తీసేద్దామండీ."

శ్రుతిపెట్టె హోరు ఆ రోజు చాలాసేపు వినిపించింది.

"రేపు మీరిద్దరూ చోట్లు మార్చుకోండి," అన్నారు మాష్టారు. "నీ గదీ, నీ ఫోనూ ఆమెకి. పోపులపెట్టె నీకు. పేరు సంగతి ఆ తర్వాత."

మర్నాడు ఫణి వంటింటి గట్టు ముందు నిలబడ్డాడు. పల్లవి ఎత్తుకున్నాడో లేదో ముందుగదిలోంచి వాళ్ల నాన్నగారి గొంతు: "అమ్మాయ్, కాస్త టీ!" అనుపల్లవిలో వాళ్లన్నయ్య: "మృదులా, నా ఛార్జరెక్కడ పెట్టావ్?" ఫణి తాళం తప్పాడు. మళ్లీ మొదలెట్టేసరికి వాళ్లమ్మ తొంగిచూసి, "నువ్వేంట్రా ఇక్కడ? కోడలేదీ? పొయ్యి మీద పాలెవరు చూస్తారు?" అంది. ఇంతలో కుక్కరు కూసింది.

"ఒరేయ్ ఫణీ, అది నీ గొంతా, కుక్కరుదా?" అని ఏదో గడిలోంచి ఒకడు. అందరం నవ్వాం.

"ఒక్క నిమిషం ఉండండి నాన్నా!" అని వాడు ఇంట్లోకి అరిచాడు. చెమట తుడుచుకున్నాడు.

"చాలు," అన్నారు మాష్టారు. "అమ్మా మృదులా, నువ్వు పాడు."

తలుపు వేసిన గదిలో, ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేని చోట ఆవిడ పాడింది. నాకైతే కిటికీ అవతల ఎండ కూడా మెత్తబడినట్టు అనిపించింది. పల్లవి అయింది. అనుపల్లవి అయింది. చరణం ఎత్తుకుని ఆగిపోయింది. ఎవరూ పిలవలేదు. ఏదీ కూయలేదు. అయినా మెడ తలుపు వైపు తిరిగింది.

"ఏమ్మా?"

"ఏం లేదండీ... పాలు..."

మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగింది. ఈసారి గడుల్లో ఎవరూ నవ్వలేదు.

 వంటింటి గడిలో ఫణి పొయ్యి మంట తగ్గించి, గరిటె అందుకున్నాడు. "పాలు నేను చూస్తున్నా వదినా. నువ్వు పాడు."

ఆవిడ చరణం దాటింది. మొత్తం కీర్తన పాడింది. కళ్లు మాత్రం చివరిదాకా తలుపు మీదే ఉన్నాయి.

"మాష్టారూ, నిన్న నేను పేరు తీసేయమన్నది..." అంటూ నసిగాడు ఫణి.

మాష్టారు శ్రుతిపెట్టె మీట నొక్కారు. కాసేపు విన్నారు.

"పేరుకేం, ఉంటుంది. ఆమె తలుపు వైపు చూడ్డం మానేదాకా, నువ్వు మాత్రం పొయ్యి దగ్గరే ఉండు."