చెప్పినమ్మ రాయి

ఉలవలపేట దాటి ఏటిగట్టు దిగితే చాకిరేవులో పసుపు రాసిన నల్లని బండ కనిపిస్తుంది. ఆ బండే చెప్పినమ్మ తల్లి. పక్కనే మూడు రాళ్ళ పొయ్యి ఉంది. విగ్రహమూ గోపురమూ లేవు, వెతుక్కోవద్దని భక్తులకు మనవి.

పూర్వం ఇక్కడ అసిరమ్మ అనే చాకలి స్త్రీ ఊరి బట్టలు ఉతికేది. మూటలో ఏ మరక కనబడినా పెదవి దాటనివ్వకపోవడం ఆ వృత్తికి కట్టుబాటు. పాతికేళ్ళు ఆమె దాన్ని తప్పలేదు. ఒకనాడు ఊరిపెద్ద సిమ్మినాయుడి ఇంటి దుప్పట్లలో చీము మరకలు చూసింది. ఆ ఇంట మశూచి సోకిందని గ్రహించింది. అలాంటి ఇంటివారు గుమ్మానికి వేపమండలు కట్టి పదిమందికీ తెలియజేయాలి. నాయుడు కట్టలేదు. మూడు రోజుల్లో కూతురి పెళ్ళి, ఊరంతటికీ భోజనాలు. జబ్బును దాచినవారు దుప్పట్లను దాచడం మరిచిపోయారు.

అసిరమ్మ ఆ దుప్పట్లు ఉతికి ఆరేసింది. మర్నాడు నడివీధిలో నిలబడింది.

"నా సేతుల్తో ఉతికినాను బాబూ. నాయుడు గారింట అమ్మోరు పోసింది. పిల్లల్ని బోయినాలకి అంపకండి" అని చెప్పింది.

"పెద్దింటి గుట్టు ఈదిలో పెడతావేటే?" అన్నాడు నాయుడు.

ఆమెను వెలివేశారు. నిప్పు ఇవ్వకూడదు, నీళ్ళు ఇవ్వకూడదు, పలకరించకూడదు. కులంవాళ్ళు సైతం వృత్తికి మచ్చ తెచ్చావని మొహం తిప్పుకున్నారు. పొయ్యి వెలిగించుకోవడానికి నిప్పు కోసం ఇల్లిల్లూ తిరిగితే ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆమె మాట నమ్మినవారు కూడా, పెద్దింటి పిలుపు కాదంటే ఏం ముంచుకొస్తుందోనని పిల్లలతో వెళ్ళి విస్తరి ముందు కూర్చున్నారు.

నెల తిరక్కుండా పద్నాలుగు మంది పిల్లలు పోయారు. రాయడానికే చెయ్యి రాదు. అప్పుడు క్షమించమని రేవుకు పరుగెత్తిన జనానికి, చల్లారిన పొయ్యి పక్కన అసిరమ్మ శవం కనిపించింది. ఆ దుప్పట్లే ఆమెకూ జబ్బు అంటించాయి. గుక్కెడు నీళ్ళు పోసే దిక్కు లేక ఒంటరిగా పోయింది.

నాయుడు గుడి కడతానని మొక్కుకున్నాడు. ఆమె కలలో కనబడి, "గుడొద్దు బాబూ, కూసింత నిప్పియ్యండి" అందట.

అందుకే ఏటా చైత్రమాసం తొలి మంగళవారం నాయుడి వంశంవారు తమ ఇంటి నిప్పు తెచ్చి ఈ పొయ్యి వెలిగిస్తారు. ఆ బూడిద రాస్తే పసివాళ్ళ ఒంటిమీది పొక్కులు మానుతాయని నమ్మకం. ఆ మంగళవారం, ఊళ్ళో జరిగిన ఏ తప్పునైనా ఎవరైనా ఇక్కడ నిలబడి చెప్పవచ్చు. చెప్పినవారికి నిప్పూ నీళ్ళూ కాదన్న ఇంటిని తల్లి చల్లగా చూడదు. మాట ముగిశాక ఊరంతా తలవంచి "విన్నాం తల్లీ" అంటారు. ఆ ఒక్క మాట ఆ రోజు నడివీధిలో ఎవరైనా అని ఉంటే మనకు ఈ క్షేత్రం ఉండేది కాదు. ఆ పద్నాలుగు మంది పిల్లలూ ఉండేవారు.