దండోరావాడి తుమ్ము

ఒక కొండ కింద ఒక ఊరు ఉండేది. ఆ ఊళ్ళో అందరికీ నడుము నొప్పి. పొద్దస్తమానం రాళ్ళు కొట్టి బతికేవాళ్ళకు నడుము నొప్పి కాక నాట్యం వస్తుందా!

నొప్పికి అక్కడ నల్లటి ఉండలు దొరికేవి. ఉండ మింగితే మగత వచ్చేది. మగత మెత్తటి అడుగుల చుట్టం. గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చి, కాసేపు కూర్చుని, పోతూ పోతూ నొప్పిని చంకన పెట్టుకుని పోయేది. ఉండ మీద ఉండ మింగితే మాత్రం ఇంటాయన చెయ్యి కూడా పట్టుకునేది. అలా దాని వెంట వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు.

ఊరివాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మర్యాద ఎక్కువైనవాళ్ళు. నిద్రపోయేవాణ్ణి లేపితే పాపమని వాళ్ళ నమ్మకం. ఎవరైనా గురక పెడుతుంటే పిల్లల నోళ్ళు మూసి, మునివేళ్ళ మీద నడిచేవాళ్ళు. "ఎంత హాయిగా పడుకున్నాడో" అనేవాళ్ళు. తెల్లారాక "ఎంత హాయిగా పోయాడో" అనేవాళ్ళు.

మగతకు ఒక్క తుమ్మంటేనే జంకు. బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే ఆగి, కూర్చుని, మంచినీళ్ళు తాగి కదలాలన్న పట్టింపు దానికి బాగా ఉంది.

అదే పట్టింపు రాజుగారికీ ఉంది. పెళ్ళిచూపులకు బయలుదేరిన ప్రతిసారీ ఎవరో ఒకరు తుమ్మారు. ఆయన ఇంకా బ్రహ్మచారి. ఆ కడుపుమంటతో ముక్కుపొడిని నిషేధించాడు. పైకి మాత్రం పెద్ద కారణమే చెప్పాడు: "మగతను ఆపే పొడి ఇంట్లో ఉంటే జనం భయం లేకుండా ఉండలు మింగుతారు."

ఆ మాట ఊరంతా చాటింది దండోరావాడు. డప్పు మోసీ మోసీ భుజం పడిపోయినవాడు, ఉండలు అలవాటైనవాడు. అతను ఇంటికొచ్చేసరికి వాళ్ళమ్మ ఎదురుగా నిలబడి ఉంది. ముక్కుపొడి పీల్చందే ఆ అవ్వకు ముద్ద దిగదు.

"గట్టున తాడుంది కదా అని ఎవడైనా బావిలో దూకుతాడట్రా?"

"నన్నడక్కమ్మా. డప్పు కొట్టడం వరకే నా పని."

అవ్వ తన డబ్బాను బియ్యపు కుండలో దాచేసింది.

ఒక మధ్యాహ్నం దండోరావాడికి భుజం సలిపింది. ఒక ఉండ మింగాడు. తగ్గలేదని ఇంకొకటి, అదీ చాలదని మరొకటి. కాసేపటికి గురక మొదలైంది. పాపం, మొగుడు హాయిగా పడుకున్నాడని భార్య విసనకర్రతో విసురుతూ కూర్చుంది. గురక గరగరమంది. తర్వాత ఎడం ఎడంగా వచ్చింది. పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి.

"అత్తా, ఈయనకి ఊపిరి ఆడట్లేదు. లేపితే పాపమేమో!"

"పోతే పుణ్యమా? ఊపవే వాణ్ణి!"

ఊపారు. చెంపల మీద కొట్టారు. భార్య పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది. అతను పలకలేదు. మగత అప్పటికే ఒక చేత్తో అతన్ని పట్టుకుని, గడప దగ్గర చెప్పులు వేసుకుంటోంది.

అవ్వ బియ్యంలో చెయ్యి పెట్టి డబ్బా లాగింది. పొడి అరచేతిలో పోసి కొడుకు ముక్కులోకి ఊదింది.

ఇల్లు అదిరేలా తుమ్మాడు.

"ఛీ, అపశకునం" అంది మగత. చెయ్యి వదిలి కూర్చుంది. "కాసిని మంచినీళ్ళివ్వండి. తాగి బయలుదేరతాం."

గండం గడిచిందని భార్య పొయ్యి దగ్గరికి లేచింది. అవ్వ ఆమె కొంగు పట్టి ఆపింది. "ఎక్కడికే? అది పోలేదు, నీళ్ళు తాగుతోంది." ఇద్దరూ కలిసి అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, అక్కడే కూర్చున్నారు.

అవ్వ అన్నట్టే అయింది. అతని ఊపిరి మళ్ళీ మందగించింది. మగత లేచింది. అవ్వ ఊదింది. అతను తుమ్మాడు.

"జంట తుమ్ము! శుభం, పద" అంది మగత.

"మధ్యలో నీళ్ళు తాగావుగా. లెక్క మొదటికొచ్చింది. ఇదీ ఒంటి తుమ్మే" అంది అవ్వ.

మగత ఎంత ఆలోచించినా అందులో తప్పు దొరకలేదు. మళ్ళీ కూర్చుంది. తాగీ తాగీ పొట్ట ఉబ్బి, పొద్దు వాలాక ఒంటరిగా వెళ్ళిపోయింది.

దండోరావాడు భుజం నొప్పితో, పట్టరాని కోపంతో లేచాడు. "ఎవరు నన్ను లేపింది?" అని తిట్టాడు. ఆ తిట్లు వింటూ భార్య సంతోషం పట్టలేక భోరుమని ఏడ్చింది.

తుమ్ము సంగతి కోటకు చేరింది. రాజుగారు దండోరావాణ్ణి పిలిపించాడు. "ముక్కుపొడి దాచినవాళ్ళను ఊళ్ళోంచి వెళ్ళగొడతామని చాటు" అన్నాడు. వెంట ఒక భటుణ్ణి పంపాడు.

దండోరావాడు వెళ్తూ వెళ్తూ అమ్మ డబ్బా నడుముకు దోపుకున్నాడు.

మొదటి వీధిలో డప్పు కొట్టాడు. నోరు తెరిచాడు. తుమ్మాడు. "ఆగు, ఆగు, కూర్చో" అని జనం నీళ్ళిచ్చారు. పక్క వీధిలోనూ అంతే. ఆ తర్వాత వీధుల్లో అతను రాకముందే చెంబులతో నిలబడ్డారు. ఈ సంగతి విన్న రాజుగారు కోపంతో లేచాడు గానీ, శకునం గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

ఊరి చివర ఒక ఇల్లు మిగిలింది. కిందటి వేసవిలో ఆ ఇంటాయన హాయిగా పోయాడు. చివరిదాకా భార్య విసురుతూనే ఉంది. చావు డప్పు కొట్టింది ఈ దండోరావాడే.

అతను డబ్బా తీశాడు. ఖాళీ. తలకిందులు చేసి తట్టినా ఏమీ రాలలేదు.

"చాటు" అన్నాడు భటుడు.

అతను కర్ర ఎత్తి డప్పు కొట్టాడు. "ఇందుమూలంగా యావన్మంది ప్రజలకు తెలియజేయునది ఏమనగా..."

ఇంట్లోంచి తుమ్ము వినిపించింది.

ఆ ఇంటామె కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, మొగుడి గ్లాసు నిండా నీళ్ళు పట్టుకుని బయటికొచ్చింది.

"కూర్చో అన్నా" అంది. "ఆ రోజు మా ఇంట్లో ఎవరూ తుమ్మలేదు."

దండోరావాడు డప్పు దించి అరుగు మీద కూర్చున్నాడు. భటుడు అటూ ఇటూ చూసి, తనకూ కాసిని నీళ్ళు కావాలన్నాడు.