పలకనివాళ్ళ ఊరు

అనగనగనగా, సముద్రపు హోరు పడకలోకి వినపడేంత దగ్గర్లో ఒక ఊరుండేది. ఆ ఊళ్ళోవాళ్ళు గుల్లలేరుకొచ్చి, బట్టీలో కాల్చి సున్నం చేసేవాళ్ళు. మీ తాతయ్య తమలపాకుకి రాసుకుంటాడే, ఆ సున్నమే. కాళ్ళు ఆడించకు, దుప్పటి జారిపోతోంది.

ఆ ఊళ్ళో తవిటమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు. ఒక్కతే కూతురు, పేరు బంగారి. బంగారికి పుట్టినప్పట్నించీ మాట లేదు. చెవులు మాత్రం పాము చెవులు. అన్నీ వినేది, నవ్వేది, అలిగేది. అలిగిందంటే బతిమాలినా అన్నం ముట్టేది కాదు. అచ్చం నీలాగే! తవిటమ్మకి ఆ పిల్లంటే ప్రాణం.

ఆ ఊరికి ఒక పద్ధతుంది. గుల్లల్ని బట్టీలో పొయ్యబోయే ముందు, తట్ట మీదికి వంగి "లోపలెవరైనా ఉన్నారా తల్లీ?" అని మూడుసార్లు అడగాలి. ఎందుకంటావా? ఖాళీ గుల్లల్లో బుల్లి బుల్లి పీతలు దూరి కాపురం పెడతాయి. అడిగితే పలుకుతాయా ఏవిటి? పలకవు. అందుకని అడిగాక వాటిని నీడన పరిచి, పొద్దు వాలేదాకా వదిలేసేవాళ్ళు. లోపలున్నవి వాటంతటవే నడుచుకుంటూ నీళ్ళకేసి పోయేవి. ఆ తర్వాతే నిప్పు.

అప్పుడు ఆ ఊరికి విరూపాక్షరాజు అనే కొత్త దొర వచ్చాడు. పెద్ద పెద్ద పుస్తకాలు చదివాడుట. చదువుకేం, బంగారంలాంటిది. కానీ వాదంలో ఓడిపోతే ఆ పూట అన్నం సయించని మనిషి. ఆయనకో తెల్లటి మేడ కావాల్సొచ్చింది. సున్నం ఆలస్యమవుతోందేమిటా అని బట్టీ దగ్గరికొచ్చి చూస్తే, తవిటమ్మ తట్టలోకి వంగి మాట్లాడుతోంది.

"ఎవరితోనే మాటలు?" అన్నాడు దొర.

"గుల్లలతోనండి."

దొర విరగబడి నవ్వాడు. "గుల్లకి మనసుంటుందిటే పిచ్చిదానా! పిలిస్తే పలికేదానికే మనసు. పలకనిది వస్తువు. వస్తువు దొర సొత్తు" అన్నాడు. అని ఊరుకున్నాడా? మర్నాడే దండోరా వేయించాడు. బంట్లు వచ్చి మూడుసార్లు పిలుస్తారు, పలకనిదేదైనా సరే, దొరగారి కొట్లోకి పోవాల్సిందే.

చూశావా బుద్ధి! ఊరి పద్ధతిలో సగమే నేర్చుకున్నాడు. అడగడం నేర్చాడు గానీ, ఆగడం నేర్వలేదు.

మొదట బంట్లు తవిటమ్మ రోలుని పిలిచారు. పలకలేదు, ఎత్తుకుపోయారు. పోతే పోయిందని తవిటమ్మ పక్కింట్లో రుబ్బుకుంది. ఆ తర్వాత దూడని పిలిచారు. అది గడ్డి తింటోంది. నోటినిండా గడ్డి పెట్టుకుని ఎవరు పలుకుతారమ్మా? దాన్నీ తోలుకుపోయారు. తవిటమ్మ పళ్ళు నూరి, కోపం దిగమింగుకుంది. మూడోసారి వచ్చేసరికి తవిటమ్మ బట్టీ దగ్గరుంది. ఇంటి గుమ్మంలో బంగారి కూర్చునుంది.

"ఏయ్ పిల్లా!" అన్నారు. బంగారి వాళ్ళకేసి చూసింది. "ఏయ్ పిల్లా!" లేచి నిలబడింది. "ఏయ్ పిల్లా!" పాపం, నోరు తెరిచింది. గాలే వచ్చింది. అంతే, రెక్క పుచ్చుకుని ఈడ్చుకుపోయి, రోలు పక్కన, దూడ పక్కన కూలేసి తాళం వేశారు. వాళ్ళ చేతులు పడిపోను!

తవిటమ్మకి కబురందింది. కొంగు నడుముకి బిగించి, ఆ సున్నపు చేతులతోనే దొర ముందుకెళ్ళి నిలబడింది. వెనకాల ఊళ్ళో సగం మంది.

"నా కూతురికి మనసు లేదన్నారుట?"

దొర తాంబూలం నములుతున్నాడు. వాదం దొరికిందిగా, మొహం వెలిగిపోయింది. "ఇదిగో, ఆకు పచ్చన, సున్నం తెల్లన. వక్కలోనూ ఇంత ఎరుపు లేదు. అన్నీ కలిపి నమిలితే ఎరుపు పుట్టింది. మనసూ అంతే. ఎముకా మాంసమూ కుదిరినట్టు కుదిరితే కొత్తగా పుడుతుంది. నీ పిల్లలో కుదర్లేదు. గుల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు."

"ఆకు బదులు గడ్డీ, వక్క బదులు గులకరాయీ నమలండి దొరా, ఎరుపొస్తుందేమో చూద్దాం. వాటిలో ఏదో ఉండబట్టేగా వచ్చింది! నువ్వుల్లో ఉంది గనకే గానుగలో నూనె. ఇసక తిప్పితే ఎద్దుకి ఆయాసమే. లోపల బొత్తిగా లేనిది బయటికెక్కణ్ణించి ఊడిపడుతుంది?"

"సరే, గుల్లకీ మనసుందనుకో. ఆ సున్నంతో ఇంత గోడ కట్టాను. ఆ గోడకి ఒక మనసా, లక్ష మనసులా? చెప్పు!"

తవిటమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "తెలీదు" అంది. దొర తొడగొట్టినంత పని చేశాడు. "నాకు తెలీదు దొరా. మీకూ తెలీదు. తెలీనప్పుడు ఆగాలి గానీ, తాళం వేస్తారా? మీ గెలుపు మీ దగ్గరే ఉంచుకోండి. నా పిల్లనివ్వండి."

"పలికించి తీసుకుపో" అన్నాడు దొర. ఎంత మాటన్నాడో చూడు.

అప్పుడు తవిటమ్మకి కళ్ళెర్రబడ్డాయి. ఇందాకట్నించీ మీరూ మీరూ అంటున్న మనిషి, గొంతెత్తి, "ఇవాళ్టినించి నేనూ పలకను. ఏం చేసుకుంటావో చేసుకో పో!" అనేసింది.

దొర మూడుసార్లు పిలిచాడు. తవిటమ్మ రాయిలా నిలబడింది. ఆ తర్వాత ఎవరూ లాగక్కర్లేకుండా తనే కొట్టు దాకా నడిచి, తలుపు తీయగానే లోపలికెళ్ళి, కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. తల్లీ పిల్లా కరువుతీరా ఏడ్చారు.

ఏం, ఊ కొట్టవేం? ఏడుస్తున్నావా? అసలు కథ ఇప్పుడేగా, విను.

మర్నాడు పొద్దున్నే దొర సున్నంవాళ్ళని పిలిచాడు. ఒక్కడూ పలకలేదు. బట్టీల్లో పొగ లేదు. "వీళ్ళందర్నీ కొట్లో వెయ్యండిరా!" అని బంట్లని పిలిచాడు. వాళ్ళకీ ఇళ్ళల్లో పిల్లలున్నారు కదా! బల్లేలు గోడకానించి, నోళ్ళు కుట్టేసుకున్నట్టు నిలబడ్డారు. ఎండ నడినెత్తికొచ్చింది. ఆకలేసి దొర లోపలికెళ్ళి పెళ్ళాన్ని పిలిచాడు. "అన్నం పెట్టు" అన్నాడు. ఆ మహాతల్లి వాకిట్లోకి చూస్తూ కూర్చుందే గానీ, ఉలకలేదు పలకలేదు.

దొర పెట్టిన చట్టం ప్రకారం ఊరు ఊరంతా దొర సొత్తే. ఇంకేం, పండగేగా! కానీ సొత్తు నీళ్ళు తోడుతుందా? సొత్తు చిత్తం దొరా అంటుందా? వాదిద్దామంటే ఎదురు మాటాడే నాథుడు లేడు. గెలిచానని చెప్పుకుందామన్నా వినేవాడు లేడు.

సగం కట్టిన మేడలో అటూ ఇటూ తిరిగి తిరిగి, దొరకి పిచ్చెక్కినట్టయింది. ఒక స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని, "నువ్వైనా పలకవే!" అని అరిచాడు.

ఊరంతా విన్నారు. దొర కూడా విన్నాడు. తన నోటి మాటే! సిగ్గుతో మొహం కందగడ్డలా అయిపోయింది. తాళంచెవి తీసుకుని, తనే పరిగెత్తుకెళ్ళి కొట్టు తలుపు తీశాడు.

"రామ్మా బంగారీ" అన్నాడు. బంగారి కదల్లేదు. "తప్పయిపోయింది, రామ్మా" అన్నాడు. మొహం తిప్పుకుంది. "రామ్మా తల్లీ" అన్నాడు. ఊహూఁ. మూడుసార్లూ అయిపోయాయి. ఈసారి దొర తాళం వెయ్యలేదు. గడప బయట నేల మీద చతికిలబడి, నోరు మూసుకుని కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా కూర్చున్నాడు.

అప్పుడు బంగారి తనంతట తనే లేచింది. దూడ పలుపు ఒక చేత్తో, తల్లి చెయ్యి ఒక చేత్తో పట్టుకుంది. గడప దగ్గర ఆగి, దొరకేసి సూటిగా చూసి, గడ్డంతో రోలుని చూపించింది. ఎత్తమని! దొర దాన్ని భుజానికెత్తుకుని, రొప్పుకుంటూ ఊళ్ళోంచి వెనకాలే నడిచాడు. కిసుక్కుమనకుండా ఉండడానికి ఊరివాళ్ళు నానా అవస్థా పడ్డారు.

బంగారికి మాటొచ్చిందా అంటావా? రాలేదు. ఎందుకు రావాలే? మాటొస్తేనే మనిషా? ఆ సాయంత్రం వాకిట్లో తల్లి కలిపి పెడుతుంటే కడుపునిండా తింది. ఎవడైనా వచ్చి "ఏయ్ పిల్లా" అంటే ఒక్కటిస్తానన్నట్టు, ఎదర కర్ర పెట్టుకుని మరీ తింది.

రాతికి మనసుందో లేదో ఈ అమ్మమ్మకి తెలీదు. కానీ ఒకరికి మనసు లేదని తీర్పు చెప్పే హక్కు మాత్రం ఎంత పెద్ద చదువుకీ నేనివ్వను. ఇవ్వనంటే ఇవ్వను! నువ్వూ ఇవ్వకు.

గుల్లలోన గుట్టుంది, రాతిలోన రోషముంది,
పలకనమ్మ గుండెలోన పది ఊళ్ళ మాటుంది.
కథేమో కంచికి, కన్నేమో నిద్దరకి,
ఎవరి మనసు వారికి, మనమేమో మనింటికి!