మంగతాయారు పెట్టెబల్ల

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పులులు తక్కువ, మర్యాదలు మరీ ఎక్కువ. ఇంటికొచ్చిన చుట్టాన్ని ఎత్తైన చోట కూర్చోబెట్టాలి. కూర్చున్న చుట్టాన్ని లేవమనకూడదు. ఆ చుట్టం కూడా ఎంగిలి పడకుండా లేవకూడదు, లేస్తే ఆ ఇంటికి అరిష్టం. ఇవన్నీ ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. అడగడం కూడా మర్యాద కాదు మరి.

ఆ అడవిలో మంగతాయారు అనే ముళ్లపంది ఉండేది. ఒళ్లంతా ముళ్లే గానీ, నోట్లో ఒక్క ముల్లూ లేదు. ఎవరినైనా నొప్పిస్తానేమోనని చీమకు కూడా దారిచ్చి పక్కకు తప్పుకునేది.

ఏటా వానాకాలంలో ఆమె గుహలోకి నీళ్లొచ్చి, దాచుకున్న దుంపలు, మొర్రిపప్పు తడిసి పాడైపోయేవి. వానలు వెలిసేదాకా సగం కడుపుతో పడుకునేది. ఈసారి అలా కాకూడదని, పైన కూర్చోవడానికీ లోపల దాచుకోవడానికీ పనికొచ్చేలా ఒక పెట్టెబల్ల చేసుకోవాలనుకుంది.

పడిపోయిన టేకుచెట్టును పళ్లతోనే పలకలుగా కోసింది. ఊడిన తన ముళ్లనే మేకులుగా దిగ్గొట్టింది. గరుకాకులతో రుద్ది నున్నగా చేసింది. అడ్డతీగ మెలేసి, మూత పైకి లేచేలా కట్టింది. దారినపోతూ వడ్రంగిపిట్ట ఒకసారి ఆగి, బల్లను ముక్కుతో టకటకా కొట్టి చూసింది.

"పని బాగుంది తాయారూ. కానీ మూత పైన పెట్టావు. ఎవరైనా కూర్చుంటే ఎలా తెరుస్తావు? ముందువైపు తలుపు పెట్టుకో."

"అదెంత పని? కాస్త లేవండి అంటాను" అంది మంగతాయారు.

అన్నంత తేలిగ్గా అనగలిగితే ఈ కథే లేదు పిల్లలూ.

బల్ల నిండా దుంపలు, మొర్రిపప్పు సర్దింది. మూత వేసింది. ఆ సాయంత్రమే వాన మొదలైంది. వానతోపాటు గవరయ్య కూడా వచ్చాడు. గవరయ్య అంటే కొండ అవతలి ఎలుగుబంటి. గుమ్మం పట్టనంత మనిషి, అదే, గుమ్మం పట్టనంత ఎలుగు. చేతిలో ఆకుపొట్లం ఒకటి ఉంది.

ఇంట్లో ఎత్తైన చోటు ఏది? కొత్త బల్లే. మంగతాయారు ఆలోచించకుండా దాన్ని తుడిచి, కూర్చోండి అన్నయ్యగారూ అంది. గవరయ్య కూర్చున్నాడు. బల్ల కిర్రుమంది గానీ విరగలేదు. పనితనం అలాంటిది.

ఇక చుట్టానికి భోజనం పెట్టాలి. భోజనం బల్లలో ఉంది. బల్ల మీద చుట్టం ఉన్నాడు. అప్పుడు మంగతాయారుకు సంగతి తెలిసొచ్చి, ఒంటిమీది ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. 'కాస్త లేవండి' అందామని నోరు తెరిచింది. "వానలు బాగా పడుతున్నాయండీ" అని మూసింది.

గవరయ్య కూడా బాగానే పడుతున్నాయన్నాడు.

తెల్లారింది. వాన తగ్గలేదు, గవరయ్య లేవలేదు. మంగతాయారు గుమ్మంలో నిలబడి, వాగు ఎలా పొంగిందో వచ్చి చూడమంది. గవరయ్య మెడ ఇంత పొడుగు చేసి, ఇక్కణ్ణించే కళ్లకు కట్టినట్టుందమ్మా అన్నాడు.

తర్వాత నేలమీద మెత్తగా గడ్డి పరిచి, నేలంత సుఖం బల్ల మీద ఎక్కడుంటుందండీ అని పొగిడింది. అయితే నువ్వు నడుం వాల్చు తల్లీ, నా కోసం తిరిగి తిరిగి అలిసిపోయావు అన్నాడు. చుట్టం మాట కాదనకూడదు గదా! మంగతాయారు ఆకలితోనే నడుం వాల్చింది.

చివరికి బల్ల వెనక్కి పాక్కుంటూ వెళ్లి చెక్క కొరకడం మొదలుపెట్టింది. కన్నం పెట్టి ఒక్క దుంపైనా లాగుదామని. కరకరమని చప్పుడు విని గవరయ్య అదేమిటని అడిగాడు. ఎలుకలండీ అనేసింది.

"నేనుండగా ఎలుకలా?" అని గవరయ్య వెనక్కి జరిగి, బల్ల వెనకవైపంతా వీపుతో కప్పేసి కూర్చున్నాడు. "నువ్వు నిశ్చింతగా ఉండమ్మా. వానలు వెలిసేదాకా ఈ బల్ల మీంచి కదిలితే ఒట్టు."

మంగతాయారుకు ఏడుపొచ్చింది. తన ఇల్లు, తన బల్ల, తన దుంపలు. అయినా నవ్వుతూ, మీదెంత మంచి మనసండీ అంది.

వాన వాన లాగే ఉంది. మంగతాయారు కడుపు గుర్రుమంటే, అది ఉరుమన్నాడు గవరయ్య. గవరయ్య కడుపు గుర్రుమంటే, పిడుగేమో అంది మంగతాయారు. ఒకనాటికి గవరయ్య తల వాలిపోయింది. నీరసంగా కళ్లు తెరిచి, "చెల్లెమ్మా, నీ ఇంటి ఆతిథ్యం జన్మలో మరిచిపోలేను" అన్నాడు.

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ పెట్టలేదు. తన మర్యాదకు ఈ పిచ్చి మారాజు ఇక్కడే ప్రాణం వదిలేలా ఉన్నాడు. చస్తే చెడ్డపేరు రాదా? అది కూడా కాదు, ఆయన చస్తే తను తట్టుకోలేదు. మంగతాయారు కళ్లు గట్టిగా మూసుకుంది.

"అన్నయ్యగారూ, కాస్త లేవండి. భోజనం మీ కిందే ఉంది."

ఆకాశం ఊడిపడలేదు. గవరయ్య ఒట్టు సంగతి కూడా మరిచి ఒక్క ఉదుటున లేచాడు.

"ఎంత చల్లని మాట అన్నావమ్మా! ఇక్కడో మేకు మొన పైకుంది. వచ్చినప్పటినుంచీ దాని మీదే కూర్చున్నాను. చెబితే నీ పనికి వంక పెట్టినట్టవుతుందని ఊరుకున్నాను."

మూత తీశారు. గవరయ్య ఒంటివేడికి దుంపలన్నీ మొలకలెత్తి, బల్లలో చిన్న తోట లేచి ఉంది. మొర్రిపప్పు మాత్రం బాగుంది. గవరయ్య సిగ్గుపడుతూ తన పొట్లం విప్పాడు. లోపల తేనెపట్టు. భోజనానికి ముందే ఇస్తే తిండికి కూలి ఇచ్చినట్టుంటుందని ఇన్నాళ్లూ ఒళ్లోనే పెట్టుకున్నాడట. సగం చీమలు తినేశాయి. అవి ఎవరినీ అడగలేదు, ఎవరికోసమూ ఆగలేదు. మిగిలిన సగంలో మొర్రిపప్పు ముంచుకుని ఇద్దరూ వేళ్లు నాకేదాకా తిన్నారు.

వాన వెలిసింది. మొలకలెత్తిన దుంపల్ని గుహ ముందు పాతారు. గవరయ్య చేతులు కడుక్కుని, వెళ్లనా అని తనంతట తాను అడగడం బాగుండదేమోనని, మళ్లీ అదే బల్ల మీద కూర్చోబోయాడు.

"ఇక బయల్దేరండి అన్నయ్యగారూ, మళ్లీ రండి" అంది మంగతాయారు.

ఈసారి కళ్లు మూసుకోలేదు. గవరయ్య సంతోషంగా వెళ్లాడు. ఆమె మేకు మొన వంచి, బల్లకు ముందువైపు తలుపు కోయడం మొదలుపెట్టింది.

నీతి: మింగేసిన మాటతో ఎవరి కడుపూ నిండదు, నెమ్మదిగా అడగడం కూడా మర్యాదే.